ఫోనిక్స్ పెట్టె కొనేముందు ‘మ్’ కార్డు వినండి

విజయవాడ ఏలూరు రోడ్డు పుస్తకాల షాపుల్లో అయినా, బీసెంట్ రోడ్డు బొమ్మల దుకాణాల్లో అయినా, గుంటూరు బ్రాడీపేటలో అయినా ఎల్కేజీ పిల్లలకు చదువు నేర్పే వస్తువేదైనా ఉందా అని అడిగితే ముందుకు తోసేది ఫోనిక్స్ కిట్టే. ఫోనిక్స్ అంటే అక్షరాల పేర్లు కాకుండా వాటి పలుకులు నేర్పి, ఆ పలుకులు కలిపి ఇంగ్లీషు మాటలు చదివించే పద్ధతి. కంపెనీల పేర్లు వేరు, మూత మీద బొమ్మలు వేరు. లోపలి సరుకు మాత్రం ఇంచుమించు ఒకటే: 26 బొమ్మల కార్డులు, అయస్కాంతం అతికించిన ప్లాస్టిక్ అక్షరాలు, మూడక్షరాల మాటలు తయారుచేసే జారుడు పట్టీ, తుడిచి రాసే చిన్న బోర్డు, ఒక వర్క్‌బుక్, ఆడియో కోసం క్యూఆర్ కోడ్. దేన్నీ గంపగుత్తగా మెచ్చుకోలేం. వీటిలో రెండు వస్తువులు పనికొస్తాయి, రెండింటిని కాస్త బాగుచేసుకుని వాడుకోవచ్చు, మిగతావి పెట్టె నిండుగా కనపడటానికి పెట్టినవి.

మొదట చూడాల్సింది కార్డులు కాదు, వినాల్సింది ఆడియో. షాపులోనే ఫోను తీసి క్యూఆర్ స్కాన్ చేసి ‘ఎమ్’ అక్షరం నొక్కండి. పెదాలు మూసుకుని ‘మ్‌మ్‌మ్’ అని సాగితే మంచి సరుకు. ‘మ’ అనో ‘మా’ అనో వినపడితే పెట్టెను మళ్లీ అరలో పెట్టేయండి. తర్వాత ‘ఎస్’, ‘ఎఫ్’, ‘ఎన్’ వినండి. ఇవన్నీ ఊపిరి ఉన్నంతసేపు సాగే పలుకులు, కాబట్టి వీటి చివర అచ్చు అతికించడానికి సాకేమీ లేదు. బ్, డ్, గ్ సంగతి వేరు. అవి తటాలున పేలే పలుకులు. వాటిని విడిగా పలికితే వెనక కొద్దిగా అచ్చు రాక తప్పదు, అది ఎంత పొట్టిగా ఉంటే అంత మేలు. ఇంత పట్టింపు ఎందుకంటే, ‘స, ఇ, ట’ అని నేర్చుకున్న పిల్ల వాటిని ఎన్నిసార్లు కలిపినా ‘సఇట’ అంటుందే తప్ప ‘సిట్’ అనదు. ‘స్, ఇ, ట్’ అని నేర్చుకున్న పిల్ల త్వరగా చెబితే చాలు, మాట దానంతట అదే వస్తుంది. కలపడం రాని పిల్లల్లో చాలామందికి లోపం తెలివిలో ఉండదు, అలా నేర్పిన పలుకులో ఉంటుంది.

ఇక్కడ తెలుగువాళ్లకు చేతిలోనే ఒక పనిముట్టు ఉంది: పొల్లు. అచ్చు లేని హల్లును కాగితం మీద ఉన్నదున్నట్టు రాసే వీలు మన లిపికి ఉంది. ప్రతి కార్డు వెనక పెన్సిలుతో మ్, స్, ట్, ప్ అని రాసుకోండి. పిల్లకు చూపించడానికి కాదు, నేర్పే అమ్మమ్మో తాతయ్యో ‘మ’లోకి జారిపోకుండా ఉండటానికి. గుణింతం వచ్చిన ఇంట్లో మరో సౌకర్యం కూడా ఉంది. ప్ + ఇ = పి అని కలపడం మనవాళ్లకు అలవాటే. అందుకే ‘పిన్’ చెప్పించేటప్పుడు ‘ప్… ఇన్’ అని విడదీయకుండా ‘పి… న్’ అని విడదీస్తే తెలుగు పిల్లలకు తొందరగా పట్టుబడుతుంది. పెట్టెల్లో ఇచ్చే గైడు కాగితాల్లో ఈ దారి సాధారణంగా ఉండదు, అవి తెలుగిళ్ల కోసం రాసినవి కావు.

ఈ కిట్లు అస్సలు పట్టించుకోని చిక్కు ఇంకొకటి. తెలుగు అజంత భాష, మన మాట అచ్చుతో ముగిస్తేగాని మనకు తృప్తి ఉండదు. బస్ బస్సైంది, కప్ కప్పైంది, పెన్ పెన్నైంది. అందుకే పిల్ల ‘క్, అ, ప్’ అని మూడు పలుకులూ సరిగ్గా చెప్పి, కలిపేసరికి ‘కప్పు’ అంటుంది. దాన్ని తప్పనకండి, తెలుగులో అది ఒప్పే. ‘మన మాటలో కప్పు, ఇంగ్లీషు మాటలో కప్’ అని రెండూ పక్కపక్కన చెప్పి, ‘ప్’ దగ్గర పెదాలు మూసి అలాగే ఉంచమనండి. ‘ట్’ అయితే నాలుక పైకి అంటించి వదలొద్దనండి. ఒకటి రెండు వారాలు ఈ ఆట ఆడితే చివరి ‘ఉ’ రాలిపోతుంది. మొదట్లో వచ్చే అచ్చుకు కూడా ఇలాంటి తోకే ఉంది, అది ముందువైపు అతుక్కుంటుంది: ఎగ్ ‘యెగ్’ అవుతుంది, ఆన్ ‘వాన్’ అవుతుంది. వీటిని ఇంట్లో పెద్దవాళ్లు కూడా అలాగే పలుకుతారు గనుక పిల్లలో పట్టుకోవడం కష్టం. ఒకసారి ఫోనులో రికార్డు చేసి వింటే తెలిసిపోతుంది.

‘ఏ’ అక్షరం పొట్టి పలుకు, అంటే బ్యాట్, క్యాప్‌లలో వచ్చేది, తెలుగు లిపిలో లేదు కాని కృష్ణా, గుంటూరు జిల్లాల నోళ్లలో ఉంది. ‘వచ్చాడు’, ‘చెప్పాడు’ అన్నప్పుడు ‘చా’, ‘ప్పా’ల మీద పలికేది అదే, కాస్త పొట్టి చేస్తే సరిపోతుంది. ‘ఏ’ అంటే ‘ఆ’ అనో ‘అ’ అనో నేర్పితే క్యాప్‌కూ కప్‌కూ తేడా పోతుంది. ‘వీ’, ‘డబ్ల్యూ’ రెండూ మనకు ‘వ’నే. మొదటిదానికి పై పళ్లు కింది పెదవికి తగలాలి, రెండోదానికి పెదాలు సున్నాలా చుట్టాలి. అద్దం ముందు కూర్చోబెట్టి చూపించండి. ‘జెడ్’కు తేనెటీగ రొద చాలు.

ఇప్పుడు కార్డులు. బొమ్మ అక్షరం పేరుకు కాకుండా పలుకుకు సరిపోవాలి. ఎక్కువ పెట్టెలు తప్పేది ఇక్కడే. ‘ఐ’కి ఐస్‌క్రీమ్ వేస్తే అది అక్షరం పేరు చెబుతుంది, ‘ఇ’ అనే పలుకు చెప్పదు. ఇంక్, ఇన్‌సెక్ట్ ఉండాలి. ‘జీ’కి జిరాఫీ వేస్తే ‘గ్’ పోయి ‘జ్’ వస్తుంది. గోట్ ఉండాలి. ‘యూ’కి యూనికార్న్ తప్పు, అంబ్రెల్లా సరి. ‘ఎస్’కు షిప్, ‘సీ’కి చెయిర్, ‘కే’కి నైఫ్ కనపడితే ఆ కార్డులు తయారుచేసినవాళ్లకు ఫోనిక్స్ అంటే తెలియదని అర్థం. ‘ఎక్స్’కు జైలోఫోన్ మరీ విచిత్రం. అది ‘జ్’తో మొదలవుతుంది, పైగా మన పిల్లలు ఆ వాయిద్యాన్ని ఏబీసీడీ చార్టులో తప్ప ఎక్కడా చూడరు. ‘క్స్’ పలుకు మాట చివర వినపడేది, అందుకని బాక్స్, ఫాక్స్ బొమ్మ ఉంటే సరి. ఈ ఏడు కార్డులూ తిప్పి చూడటానికి రెండు నిమిషాలు పడుతుంది. మూడు తప్పులు దొరికితే ఆ పెట్టె వదిలేయండి.

అక్షరాల ఆకారం కూడా చూడండి. స్మాల్ ‘ఏ’ని అచ్చు పుస్తకాల్లో కొన్నిచోట్ల నెత్తిన కొక్కెంతో వేస్తారు, రాసేటప్పుడు మాత్రం గుండ్రంగా రాయిస్తారు. కార్డులో ఒకటి, వర్క్‌బుక్‌లో ఇంకొకటి ఉంటే నాలుగేళ్ల పిల్లకు అవి రెండు వేరు అక్షరాలు. కార్డు నిండా క్యాపిటల్ అక్షరమే పెద్దగా ఉండి స్మాల్ అక్షరం మూలన నక్కితే అదీ పనికిరాదు. చదివే పుస్తకంలో నూటికి తొంభైకి పైగా కనపడేవి స్మాల్ అక్షరాలే.

26 కార్డులున్న పెట్టె అసలు ఫోనిక్స్ పెట్టె కాదు, అక్షరాల పెట్టె. ఇంగ్లీషులో అక్షరాలు 26 అయినా పలుకులు దాదాపు 44. జాలీ ఫోనిక్స్ పద్ధతి వాటిలో 42 పలుకులను 7 గుంపులుగా నేర్పుతుంది. మొదటి గుంపు ఎస్, ఏ, టీ, ఐ, పీ, ఎన్. ఈ ఆరింటితోనే సిట్, సిప్, ట్యాప్, టిప్, టిన్, పిట్, పిన్, ప్యాన్, న్యాప్ లాంటివి పదిహేనుకు తగ్గకుండా మూడక్షరాల మాటలు వస్తాయి. అంటే రెండో వారంలోనే పిల్ల ‘చదివింది’. ఏ నుంచి జెడ్ దాకా వరసగా వెళ్లే పెట్టెల్లో 26 అక్షరాలూ అయ్యేదాకా కలపడం మొదలుపెట్టరు. ఈలోగా పిల్లకు విసుగొస్తుంది. పైగా అద్దంలో ప్రతిబింబాల్లా ఉండే బీ, డీ నాలుగు రోజుల్లోనే ఎదురుపడి తికమక పెడతాయి. ఆ రెంటి మధ్య కనీసం మూడు వారాలు ఎడం ఉంచాలి. షిప్‌లో ఎస్, హెచ్ కలిసి ఒక పలుకు, రెయిన్‌లో ఏ, ఐ కలిసి ఒక పలుకు. ఈ జంటల కార్డులు పెట్టెలో లేకపోతే మీ చదువు ‘క్యాట్, బ్యాట్’ దగ్గరే ఆగిపోతుంది. వారానికి మూడు పలుకుల చొప్పున 42 పలుకులకు 14 వారాలు. బళ్లో రోజుకొకటి లాగించేస్తారు కాని, ఇంట్లో నాలుగేళ్ల పిల్లకు ఈ నడకే హాయి.

జారుడు పట్టీ మాత్రం ఈ పెట్టెల్లో నిజంగా మంచి వస్తువు. అట్ట తొడుగులోంచి మూడు పట్టీలు పైకీ కిందికీ జరుగుతుంటే ఒక్కో అక్షరమే మారుతుంది: పిన్, టిన్, టిప్, సిప్. ఒక్క పలుకు మారితే మాట మారుతుందనే కీలకం వేలికొసన తెలుస్తుంది. దీన్ని తిప్పితే ‘జిట్’, ‘నుప్’ లాంటి అర్థంలేని మాటలూ వస్తాయి. అవి ఆరేళ్ల పిల్ల నిజంగా చదువుతోందా, బట్టీ అప్పజెబుతోందా అని పరీక్షించడానికి పనికొస్తాయి. నాలుగేళ్లప్పుడు మాత్రం పిల్ల ఆ మాటకు అర్థం కోసం వెతుక్కుంటుంది, వద్దు. గుండ్రంగా తిప్పే చక్రం ఇచ్చే పెట్టెలూ ఉన్నాయి. చక్రంలో పిల్ల చూపు అక్షరాల మీద కాక తిరుగుడు మీద ఉంటుంది.

మాటల కార్డుల్లో ఒకే వైపు బొమ్మా మాటా ఉంటే పిల్ల బొమ్మ చూసి చెబుతుంది. ‘హెన్’ అని రాసి ఉన్నచోట ‘కోడి’ అనో ‘చికెన్’ అనో వచ్చిందంటే చదవలేదని రుజువు. పోస్టిట్ కాగితంతో బొమ్మ మూసి, మాట చదివాక తీసి చూపించండి. అప్పుడు బొమ్మ బహుమతి అవుతుంది.

కలపడం నేర్పే తీరు పెట్టె మీద నాలుగు ముక్కల్లో రాసి వదిలేస్తారు, అసలు పని అంతా అక్కడే ఉంది. అక్షరం చూపించకముందే రెండు వారాలు చెవితో ఆడించండి. ‘ఆ క-ప్ ఇటివ్వు, గ్లా-స్ అటు పెట్టు’ అని ముక్కలుగా చెప్పి పిల్లను కలపమనండి. మజ్జిగ, మామిడి, అరటి అని చెప్పి ‘మ్’తో మొదలుకానిదేదో అడగండి. తెలుగు పిల్లలు మాటను క-మ-ల అని అక్షరాలుగా తేలిగ్గా విడదీస్తారు. ‘క’ను మళ్లీ క్, అ అని చీల్చడం వాళ్లకు కొత్త, దానికి చెవి తయారవ్వాలి. తర్వాత మూడు కార్డులు రెండు వేళ్ల ఎడంలో పెట్టి, ఒక్కొక్కదాని కింద వేలు పెడుతూ పలికించండి. కార్డులు దగ్గరికి జరిపి మళ్లీ పలికించండి. మూడోసారికి అంటించేసి వేలు ఆపకుండా లాగండి. మొదటి మాటలు స్, మ్, న్, ఫ్ లాంటి సాగే పలుకులతో మొదలవ్వాలి. ‘స్‌స్‌స్‌ఇట్’ తెగకుండా సాగుతుంది, ‘ట్… ఇ… ప్’ ముక్కలవుతుంది. పిల్ల ‘స్, ఇ, ట్… పిట్!’ అందంటే పలుకులు రాకపోవడం కాదు, మధ్యలో ఖాళీ ఎక్కువై మొదటిది మరిచిపోయింది. ఖాళీ తగ్గించండి, మాట మార్చొద్దు. మొత్తం పది నిమిషాలు, పదిహేను దాటొద్దు. మొదటి మూడు నిమిషాలు పాత కార్డులు, తర్వాత ఒక కొత్త పలుకు, చివర నాలుగు మాటలు.

అయస్కాంతం అక్షరాల విషయంలో గట్టిగా చెప్పాల్సిన సంగతి ఉంది. చవక రకాల్లో వెనకున్న చిన్న బిళ్ల ఊడి వస్తుంది. పిల్ల రెండు మింగితే అవి పేగు గోడల మధ్య ఒకదాన్నొకటి లాగి పేగుకు చిల్లు పెట్టగలవు. అలాంటి అనుమానం వస్తే తెల్లారేదాకా ఆగకూడదు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. 14 ఏళ్లలోపు పిల్లల బొమ్మలకు 2021 జనవరి 1 నుంచి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. పెట్టె మీద అది లేకపోతే ధర ఎంత తక్కువైనా ముట్టుకోవద్దు. గుర్తు ఉన్నా గోటితో బిళ్లను గీకి చూడండి. ఈ సెట్లలో ఇంకో లోపం, ప్రతి అక్షరం ఒక్కటే ఇస్తారు. ‘డ్యాడ్’ చేయాలంటే డీలు రెండు కావాలి, ‘ట్రీ’ చేయాలంటే ఈలు రెండు కావాలి. క్యాపిటల్ సెట్ వదిలి స్మాల్ అక్షరాల సెట్లు రెండు కొనుక్కోవడం నయం. గాజు తలుపు ఫ్రిజ్‌లకు ఇవి అంటవు, వంటింట్లో చాలా స్టీలు పళ్లేలకూ అంటవు. ఇనుప బీరువా తలుపు బ్రహ్మాండంగా పనిచేస్తుంది.

తుడిచి రాసే బోర్డు దండగ. నున్నటి పలక మీద మార్కర్ జారిపోతుంది, నాలుగేళ్ల చేతికి పట్టు దొరకదు. దాని బదులు పలకా బలపం ఎంతో మేలు, బలపం గరుకు వల్ల వేళ్లకు గీత మీద అదుపు వస్తుంది. మూలా నక్షత్రం రోజు ఇంద్రకీలాద్రి మీద సరస్వతీ అలంకారం చూసొచ్చి, పిల్లచేత పళ్లెంలో బియ్యం మీద రాయించిన ఇళ్లకు ఈ సంగతి చెప్పక్కర్లేదు. బియ్యంలో వేలితో ‘ఎస్’ గీస్తూ ‘స్‌స్‌స్’ అనిపించండి, పలుకూ గీతా కలిసి గుర్తుంటాయి. బలపం తినే అలవాటున్న పిల్ల అయితే బియ్యమే గతి.

వర్క్‌బుక్‌లో రంగులు వేసే పేజీలు తీసేసి లెక్కపెట్టండి. చదివే పేజీలు పాతిక లోపు ఉంటే అది డ్రాయింగు పుస్తకం. ‘సైట్ వర్డ్స్’ పేరుతో, అంటే పలుకులు విడదీయకుండా చూడగానే చెప్పాల్సిన మాటలని, నూరు కార్డులు బట్టీ పెట్టించే పెట్టెలకు దూరంగా ఉండండి. ద, టు, వాజ్, సెడ్ లాంటి, రాతకూ పలుకుకూ కుదరని వంకర మాటలు కొన్ని తప్పవు. అవి వారానికి రెండు చాలు, వాటిలో కూడా సరిగ్గా పలికే భాగం ఏదో, వంకర ఎక్కడుందో వేలితో చూపించాలి. చదవడం నేర్పే తీరు మీద అమెరికాలో 2000లో నేషనల్ రీడింగ్ ప్యానెల్, ఇంగ్లండులో 2006లో రోజ్ నివేదిక చెప్పింది కూడా పలుకుల్ని వరసగా, పద్ధతిగా నేర్పమనే.

ఈ ఊళ్లలో నిజంగా కొరత ఉన్నది పెట్టెలకు కాదు, నేర్చుకున్న పలుకులతోనే చదవగలిగే చిన్న కథల పుస్తకాలకు. ‘ఎర్లీ రీడర్’ అని అట్ట మీద వేసి లోపల ‘బ్యూటిఫుల్’, ‘ఎలిఫెంట్’ పెట్టిన పుస్తకాలే ఎక్కువ. ఏదో ఒక పేజీ తెరిచి పది మాటలు చూడండి. పిల్లకు వచ్చిన పలుకులతో కుదరనివి రెండు మించితే అది మీరు చదివి వినిపించే పుస్తకం, పిల్ల చదివేది కాదు. ఏటా జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవానికి వెళ్లేవాళ్లు పెట్టెల స్టాలు దగ్గర కాకుండా ఈ పుస్తకాల దగ్గర సమయం పెట్టడం మంచిది.

ఇంట్లో చేసుకుంటే? 300 జీఎస్ఎమ్ ఐవరీ షీట్లు, అంటే దళసరి కాగితాలు, ఏ4 సైజువి ఆరు తీసుకోండి. ఒక్కోదాన్ని ఎనిమిది ముక్కలు చేస్తే 105 × 74 మిల్లీమీటర్ల కార్డులు 48 వస్తాయి. 42 పలుకులకు, మిగిలిన ఆరు వంకర మాటలకు. అక్షరం నాలుగు సెంటీమీటర్ల ఎత్తుండాలి, అచ్చులు ఎర్ర స్కెచ్ పెన్నుతో, హల్లులు నల్లదానితో రాయండి. కింద గీత గీస్తే బీ తలకిందులు కాదు. లామినేషన్ చేయిస్తే మూలలు గుండ్రంగా కత్తిరించండి, లేకపోతే గుచ్చుకుంటాయి. ట్యూబ్‌లైటు కింద మెరిసి అక్షరం కనపడకపోతే కార్డును కాస్త వాల్చి పట్టుకోవాలి, అంతకు మించి ఇబ్బంది లేదు. వీటికి జారుడు పట్టీ తోడైతే పెట్టెలో పనికొచ్చేదంతా వచ్చినట్టే. ఆ పట్టీ కూడా పాత పెళ్లిపత్రికల అట్టతో చేసుకోవచ్చు.

అయినా పెట్టే కొనాలనుకుంటే ఒక జాగ్రత్త. పైన ప్లాస్టిక్ కవరు చింపాక చాలా దుకాణాలు వెనక్కి తీసుకోవు. విప్పి చూపించే శాంపిల్ ముక్క ఉందేమో ముందే అడగండి. లేదంటే, క్యూఆర్ కోడ్ మూత మీద ఉంటే బిల్లు కట్టకముందే స్కాన్ చేయండి. లింకు తెరుచుకోకపోయినా, తెరుచుకుని ‘మా’ అన్నా, షాపతను ఏమంటాడో అని మొహమాటపడకుండా పెట్టె తిరిగి ఇచ్చేయండి.